సముద్రమట్టానికి కింద ఒక రన్‌వే

ఇంపీరియల్ వ్యాలీలో విమానం దిగుతుంటే ఎత్తు చూపే ముల్లు సున్నా దగ్గర ఆగదు, ఇంకా కిందికి పోతుంది. కాలిఫోర్నియా దక్షిణపు అంచున, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న ఎడారి లోయ అది. అక్కడి సాగునేల చాలామటుకు సముద్రమట్టానికి దిగువనే ఉంటుంది. బ్రాలీ ఊరి విమానాశ్రయం 128 అడుగుల కింద, కాలిపాట్రియాది 182 అడుగుల కింద. కాలిపాట్రియా వాళ్ళు ఈ సంగతిని దాచుకోకపోగా, 184 అడుగుల జెండా కర్ర పాతి, పైన ఎగిరే జెండా సముద్రమట్టానికి ఉందని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తారు.

నేను చెప్పబోయే రన్‌వేకు ఊరూ పేరూ లేవు. బ్రాలీకీ వెస్ట్‌మోర్లాండ్‌కూ మధ్య, ఒక పిల్లకాలువ గట్టు వెంబడి అర మైలు పొడవున పోసిన తారు, అంతే. పంటలకు మందు కొట్టే పైలట్ ఒకాయన రైతు దగ్గర నేల కౌలుకు తీసుకుని వేసుకున్న సొంత రన్‌వే. 1990ల మొదట్లో నా రాత్రులు చాలా అక్కడే గడిచాయి. ఇప్పుడక్కడ విమానం దిగితే టైర్లు మిగలవు.

నన్ను అక్కడికి చేర్చింది తెల్లదోమ, ఆకుల రసం పీల్చే చిన్న పురుగు. మాది నరసరావుపేట దగ్గర పల్లె, పత్తి పండించే ఇల్లు. నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరిన కొత్తలో, 1984-85లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చిపెట్టేసింది. మూడేళ్ళు తిరిగేసరికి శనగపచ్చ పురుగు వచ్చి పడింది. ఇరవై, ముప్పై సార్లు మందు కొట్టిన చేలు కూడా నిలవలేదు. 1987-88లో అప్పు తీర్చే దారి లేక రైతులు పత్తి మీద కొట్టాల్సిన మందు తామే తాగారు. ఆ రెండు దెబ్బల మధ్య చదువుకున్నవాడు కీటకశాస్త్రం కాక ఇంకేం తీసుకుంటాడు? పై చదువుకని కాలిఫోర్నియా వస్తే, నాకంటే ముందే తెల్లదోమ వచ్చి కూర్చుంది. 1991లో అది లోయ మీద పడ్డప్పుడు కారు అద్దాలకు అంటుకుని ముందు దారి కనిపించేది కాదని, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా పొలంలోకి వెళ్ళలేకపోయేవారని చెప్పారు. ఆ శరదృతువులో వేసిన ఖర్బూజా దాదాపు మొత్తం పోయింది. మా ఊరి దోమకు ఇది దగ్గర చుట్టమే కానీ ఇంకా మొండిది. వందల రకాల మొక్కల మీద బతుకుతుంది. గుమ్మడి ఆకుల మీద చేరితే ఆకు మొత్తం వెండి రంగుకు తిరుగుతుంది. ఆకులు తిరగేసి దోమలను లెక్కపెట్టడానికి తక్కువ జీతానికి దొరికే విద్యార్థులు కావాలి కనుక మా ప్రొఫెసర్ నన్ను లోయకు పంపారు.

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి, లోయకు తూర్పున. లోపల మాత్రం కనుచూపు మేర లూసర్న్ గడ్డి, లెట్యూస్, క్యారెట్, ఉల్లి, అప్పట్లో షుగర్ బీట్ కూడా. ఏడాది మొత్తానికి మూడంగుళాల వాన పడితే గొప్ప అనుకునే చోట అయిదు లక్షల ఎకరాల దాకా తడుస్తున్నాయంటే అది కొలరాడో నది చలవ. 1940లో మొదటిసారి నీళ్ళు వదిలిన ఆల్ అమెరికన్ కాలువ 80 మైళ్ళ దూరం నుంచి వాలు మీదే నీళ్ళు తెస్తుంది. కృష్ణా డెల్టాలో లస్కరు తూములు ఎత్తి దించినట్టే ఇక్కడ సంహేరో అనే ఉద్యోగి పికప్ ట్రక్కులో తిరుగుతూ గేట్లు తిప్పుతాడు. ఆయనతో మంచిగా ఉండాలని, ఎదురుపడితే కాఫీ ఇవ్వాలని రైతులకు తెలుసు. ఆ విషయంలో రెండు దేశాలకూ తేడా లేదు.

ఇక మన రన్‌వే. ఒక చివర రేకుల షెడ్డు, దాని పక్కన సిమెంటు గచ్చు, గచ్చు అంచున నీళ్ళ ట్యాంకు. ఆఫీసు అంటే చక్రాలు ఊడదీసిన ట్రెయిలర్ ఇల్లు. దాని కిటికీలో గడ్డి తడకల మీంచి గాలి వదిలే కూలర్ రాత్రింబవళ్ళు మోగుతూ ఉండేది. గోడ నిండా లోయ పటం. కాలువల పేర్లు, గేట్ల నంబర్లు, ఏ చేలో ఎవరి పంట, ఎక్కడ తేనెటీగల పెట్టెలు పెట్టారు, ఎక్కడ కరెంటు తీగలు ఉన్నాయి అన్నీ పెన్సిలుతో గీసి ఉండేవి. ఆ లోయలో అంత వివరమైన పటం ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

విమానాలు రెండు. రెండూ గ్రమ్మన్ ఆగ్‌క్యాట్‌లు, రెండు అంతస్తుల రెక్కలవి. మొదటి ఆగ్‌క్యాట్ ఎగిరింది 1957లో. అంతకుముందు ఈ పని చేసినవి ఎక్కువగా యుద్ధం తర్వాత సైన్యం అమ్మేసిన స్టియర్‌మన్ శిక్షణ విమానాలే. అలాంటి దాని అస్థిపంజరం ఒకటి షెడ్డు వెనక పడి ఉండేది. సైన్యం విమానంలో ముందు సీటు పీకేసి అక్కడ మందు ట్యాంకు పెట్టేవారు. ఆగ్‌క్యాట్ అలా కాదు, పుట్టుకతోనే ఈ పనికి పుట్టింది. పైలట్ ట్యాంకు వెనక, ఎత్తులో కూర్చుంటాడు, నేలను గుద్దుకుంటే ముందు భాగం నలిగి తను బతకాలని. చక్రాల కాళ్ళకూ ముందు అద్దానికీ తీగలు కోసే బ్లేడ్లు ఉంటాయి. పైలట్ తల మీద నుంచి తోక కొస దాకా ఒక ఇనుప తాడు బిగించి ఉంటుంది. బ్లేడుకు తెగని కరెంటు తీగ ఆ తాడు మీదుగా జారి తోకకు చుట్టుకోకుండా పైనుంచి పోవాలి. ఆ తాడును మొదటిసారి చూసినప్పుడు ఇది ఎందుకని అడిగాను. విన్నాక నేనెప్పుడూ ఆ విమానం ఎక్కుతానని అడగలేదు. అడిగినా ఎక్కించుకోరు, ఉన్నది ఒక్క సీటే.

మెకానిక్ మెహికాలి నుంచి రోజూ సరిహద్దు దాటి వచ్చే పెద్దాయన. సాయంత్రం అవగానే ప్రొపెల్లర్ రెక్కను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పేవాడు. గుండ్రంగా అమర్చిన ఆ ఇంజన్లలో కింది సిలిండర్లలోకి, ఆగి ఉన్నంతసేపూ నూనె దిగుతుంది. అది బయటికి పోకుండా ఇంజన్ వేస్తే లోపల కడ్డీలు వంగిపోతాయి. విమానం కింద ఎప్పుడూ ఒక రేకు పళ్ళెం ఉండేది, అందులోకి నూనె చుక్కలు పడుతూ ఉండేవి. కారుతోంది, బాగు చేయవా అంటే, "కారితేనే మంచిది మిహో. కారడం ఆగిందంటే లోపల నూనె అయిపోయిందన్నమాట" అనేవాడు. మిహో అంటే వాళ్ళ భాషలో నాయనా అని. ఆ మాట ఆయన నోట విన్నాక, పరాయి ఊళ్ళో ఉన్నాననే బెంగ నాకు సగం తగ్గింది.

మందు కొట్టేది ఎక్కువగా రాత్రిపూట. పగలు పొలాల్లో కూలీలు ఉంటారు, పువ్వుల మీద తేనెటీగలు ఉంటాయి, గాలి ఉంటుంది. వేసవి పగటి ఎండకు విమానానికే కష్టం. 45 డిగ్రీల వేడికి గాలి ఎంత పలచబడుతుందంటే, సముద్రమట్టానికి కింద ఉన్నా వేల అడుగుల ఎత్తున ఉన్న కొండ ఊళ్ళో ఎగరడమే అవుతుంది. నిండు ట్యాంకుతో అర మైలు తారు సరిపోదు. అందుకని తెల్లవారుజామున రెండింటికో మూడింటికో పని మొదలు. పైలట్ ముందురోజు పగలే కారులో పొలం చుట్టూ తిరిగి స్తంభాలు, చెట్లు, పంపు షెడ్లు చూసుకుని వచ్చేవాడు. చీకట్లో కొత్తగా కనిపించేది ఏదీ ఉండకూడదు అనేవాడు.

జెండా పట్టేవాళ్ళు ఇద్దరు, పొలానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. రాత్రి కనుక చేతిలో జెండా బదులు దీపం. విమానం దీపం మీదికి గురిచూసి వస్తుంది, వచ్చేలోపు దీపం మనిషి అడుగులు లెక్కపెట్టుకుంటూ పక్కకు జరిగి తర్వాతి వరసకు నిలబడాలి. గాలి వచ్చే వైపుకే జరగాలి, లేకపోతే మందు నెత్తిన పడుతుంది. నేను కాలువ గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. ముందు దూరంగా మోత. తర్వాత రెండు దీపాలు నేల మీద పాకుతున్నాయా అన్నంత కిందుగా వచ్చి, పొలం మొదట్లో ఇంకా కిందికి దిగి, చక్రాలు మొక్కలకు తగులుతాయేమో అనుకునేలోపు ఈ చివరకు వచ్చేసి, తీగల ముందు ఒక్కసారిగా పైకి లేచేది. తిరిగేటప్పుడు రెక్క కింది దీపం వెలిగి పక్క చేలో లెట్యూస్ మొక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత తేటగా కనిపించేవి. వెంటనే మళ్ళీ చీకటి. ఆ వెనకే మందు వాసన.

ఆ వాసన దగ్గర కాస్త ఆగాలి. తెల్లదోమకు అక్కడ కొట్టిన మందుల్లో అసిఫేట్ ఒకటి. కుళ్ళిన క్యాబేజీ వాసన. గుంటూరు జిల్లాలో పెరిగిన ఎవడికైనా ఆ వాసన కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. మా ఇంట్లో ధాన్యం గది మూల నుంచి, మా నాన్న చొక్కా నుంచి అదే వాసన వచ్చేది. పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటి వచ్చాక, ఎడారి మధ్యలో, అర్ధరాత్రి అది ముక్కుకు తగిలితే మొదట కలిగింది భయం కాదు, ఇల్లు గుర్తొచ్చింది. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ నిజం.

మందు ఒకటే అయినా దాన్ని ముట్టుకునే తీరు వేరు. గచ్చు మీద మందు కలిపే కుర్రాడు డబ్బా మూత తీసి వంచేవాడు కాదు. గొట్టం బిగిస్తే మందు బయటి గాలి తగలకుండా ట్యాంకులోకి పోయేది. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు కూడా ట్యాంకులోనే పోసి, డబ్బాకు కన్నం పొడిచేవారు, మళ్ళీ ఎవరూ వాడకుండా. అలాంటి డబ్బాల్లో మా వీధిలో కిరోసిన్ పోసుకునేవారు, పెద్దవైతే పశువులకు కుడితి పెట్టేవారు. ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరచింది. నెలలో కొన్ని రోజులకు మించి ఇలాంటి మందులతో పనిచేసే కూలీకి రక్తపరీక్ష చేయించాలని కాలిఫోర్నియాలో 1970ల నుంచే నిబంధన ఉంది. నరాలకు అవసరమైన కోలినెస్టరేజ్ అనే పదార్థం రక్తంలో ఎంత తగ్గిందో చూస్తారు. బాగా తగ్గితే, కోలుకునేదాకా ఆ మనిషిని మందు దగ్గరకు రానివ్వరు. కలిపే కుర్రాడు ఒకసారి అలా పక్కన కూర్చోవాల్సి వచ్చి, వారాల తరబడి షెడ్డు ఊడుస్తూ విసుక్కున్నాడు. వాడి విసుగు చూస్తుంటే నాకు మా పాలేరు గుర్తొచ్చాడు. మందు కొట్టిన సాయంత్రం తల తిరుగుతోందంటే మజ్జిగ తాగించి పడుకోబెట్టేవాళ్ళం.

అలాగని అమెరికాలో అంతా సవ్యమేనని నేననను. డబ్బాకు కన్నం పొడిచే ఆ గచ్చు కిందే అంతకు ముందు ముప్పై ఏళ్ళు డీడీటీ, టాక్సఫీన్ లాంటి పాత పురుగుమందులు కడిగిన నీళ్ళు ఇంకి ఉన్నాయి. దాని సంగతి తర్వాత చెబుతాను.

పైలట్‌కు అరవై దగ్గర పడ్డాయి. మాట తక్కువ, కాఫీ ఎక్కువ. నేను వచ్చిన పని ఆయనకు నచ్చేది కాదు. తెల్లదోమ ఆకు కింద బతుకుతుంది. గుడ్లూ, పిల్లలూ, పెద్దవీ అన్నీ ఆకు అడుగునే. విమానం మందు పైనుంచి పడుతుంది. అడుగున ఎంత చేరుతోంది అన్నది మా ప్రశ్న. దానికి పసుపు రంగు కాగితపు ముక్కలు ఉంటాయి, నీటి చుక్క పడ్డచోట నీలంగా మారతాయి. పత్తి చేలో, చిగురు నుంచి లెక్కపెట్టి, అయిదో ఆకు పైన ఒకటి, అడుగున ఒకటి, మొక్క మధ్యలో ఇంకో జత పెట్టాలి. పరీక్షకు ట్యాంకులో మందు బదులు ఒట్టి నీళ్ళు పోయమన్నాను. "నలభై ఏళ్ళుగా ఎగురుతున్నాను. ఎడారిలో రాత్రి మూడింటికి నీళ్ళు చల్లమన్నవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు. అని, నీళ్ళు పోయించుకుని ఎగిరాడు. పెట్రోలు డబ్బులు తీసుకోలేదు.

విమానం దిగేలోపు నేను టార్చిలైటుతో కాగితాలు ఏరుకొచ్చి ట్రెయిలర్‌లో బల్ల మీద పరిచాను. పైవి నీలం. అడుగువి పసుపు, అక్కడక్కడ ఒకటీ అరా చుక్క. మొక్క మధ్యలో అడుగున పెట్టినవైతే పెట్టెలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. ఆయన వచ్చి, చేతి తొడుగులు తీసి, ఒక అడుగు కాగితం దీపానికి ఎత్తి చూశాడు. కోపగిస్తాడనుకున్నాను.

"ఇది నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు.

"మరి ఎందుకు కొడుతున్నారు?"

"రైతు ఫోన్ చేస్తాడు కనుక. పంట పోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేడు. నా ఇంజన్ మోత వినపడితే ఆ రాత్రి నిద్రపోతాడు. నేను అమ్మేదాంట్లో సగం అదే."

నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు ముందు, అప్పు మీద అప్పు రాయించుకుని ఇంకో డబ్బా తీసుకునే రైతులను నేను చిన్నప్పటి నుంచీ చూశాను. వాళ్ళు తెలివితక్కువవాళ్ళని మాకు పాఠం చెప్పినవాళ్ళు అనుకునేవారు. ఆ పైలట్ చెప్పిన ఒక్క మాట నాకు చాలా పాఠాల కంటే ఎక్కువ పనికొచ్చింది.

రన్‌వే ఉన్న నేల యజమాని కథ వేరే. తండ్రి పంజాబీ, తల్లి మెక్సికన్. ఆ లోయలో అలాంటి కుటుంబాలు చాలా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జలంధర్, హోషియార్‌పూర్ వైపు నుంచి వచ్చిన రైతులకు భార్యలను తెచ్చుకునే వీలు లేదు, తెల్లవాళ్ళను పెళ్ళాడే వీలూ లేదు. మెక్సికన్ స్త్రీలను చేసుకున్నారు. 1913 చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళకు కాలిఫోర్నియాలో భూమి కొనే హక్కు లేదు కనుక, అక్కడే పుట్టిన పిల్లల పేర భూములు రాయించేవారు. "నేను ఉయ్యాలలో ఉండగానే భూస్వామిని, బేటా" అని నవ్వేవాడాయన. నన్ను బేటా అనేవాడు, మెకానిక్ ఉంటే ఇద్దరూ స్పానిష్‌లోకి పోయేవారు. ఆదివారాలు ఎల్ సెంట్రో గురుద్వారాకు తీసుకువెళ్ళేవాడు. 1948 నుంచి ఉన్న గురుద్వారా అది. అక్కడి పప్పులో మెక్సికన్ మిరపకాయ ఘాటు తగిలేది. నాలాంటి గుంటూరువాడికి అభ్యంతరం ఏముంటుంది?

వాళ్ళ ఇంట్లో దలీప్ సింగ్ సౌంద్ పేరు రోజుకొకసారైనా వినిపించేది. బర్కిలీలో గణితంలో డాక్టరేట్ చేసి, ఆ రోజుల్లో భారతీయుడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వక, వెస్ట్‌మోర్లాండ్‌లో వ్యవసాయానికి దిగిన మనిషి. 1946లో చట్టం మారాక 1949లో పౌరుడయ్యాడు, తర్వాత ఆ ఊరి న్యాయమూర్తిగా గెలిచాడు. 1956లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ఆసియా సంతతివాడయ్యాడు. ఆయన మీద పోటీ చేసి ఓడింది ఎవరనుకున్నారు? జాక్వెలిన్ కాక్రన్, ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ. తన విమానం తానే నడుపుకుంటూ ప్రచారం చేసింది. లోయకు ఉత్తరాన థర్మల్‌లో ఉన్న విమానాశ్రయానికి ఇప్పుడు ఆమె పేరే. "విమానం ఓడింది, ట్రాక్టరు గెలిచింది" అని మా ముసలి రైతు పైలట్‌ను ఆటపట్టించేవాడు. పైలట్ మాత్రం తాను కాక్రన్‌కే ఓటు వేశానని, ఇప్పటికీ చింత లేదని అనేవాడు.

చివరికి ఆ రన్‌వే విషయంలోనూ ట్రాక్టరే గెలిచింది. 1993లో తెల్లదోమ మీద ఇమిడాక్లోప్రిడ్ అనే కొత్త మందుకు అత్యవసర అనుమతి వచ్చింది. అది పైనుంచి చల్లేది కాదు. విత్తేటప్పుడే ట్రాక్టరు వెనక గొట్టంతో విత్తనం కింద మట్టిలో పోస్తే వేళ్ళు పీల్చుకుని ఆకు అడుగుకు చేరుస్తాయి. మా పసుపు కాగితాలు అడిగిన ప్రశ్నకు అదే జవాబు. తేనెటీగల విషయంలో ఆ మందు మీద తర్వాత పెద్ద గొడవే జరిగింది. అది వేరే కథ. అప్పట్లో మాత్రం ఖర్బూజా, లెట్యూస్ రైతులు ఊపిరి పీల్చుకున్నారు, రన్‌వేలో ఫోను మోగడం తగ్గింది. పత్తి అంతకు ముందే పోతోంది. 1970ల చివర్లో లోయలో లక్ష ఎకరాలకు పైగా ఉన్న పత్తి, గులాబీ రంగు పురుగు దెబ్బకు, తర్వాత తెల్లదోమకు, కొన్ని వేల ఎకరాలకు దిగింది. ఉపగ్రహం చూసి దారి చెప్పే యంత్రం విమానాల్లోకి వచ్చాక దీపం పట్టుకుని నిలబడే మనిషి అక్కర్లేకపోయాడు. అది మంచిదే, మందులో తడిసే ఉద్యోగం ఎవరికీ ఉండకూడదు. మిగిలిన పనిని ఊరి విమానాశ్రయాల నుంచి ఎగిరే పెద్ద టర్బైన్ విమానాలు తీసుకున్నాయి. వాటికి అర మైలు తారు చాలదు. పైలట్ ఒక ఆగ్‌క్యాట్‌ను అమ్మి, రెండోదాన్ని విడిభాగాలకు ఇచ్చి, కౌలు వదులుకున్నాడు.

కొన్నేళ్ళ క్రితం ఫీనిక్స్ వెళ్తూ దారి మళ్ళి ఆ చోటికి వెళ్ళాను. ట్రెయిలర్ లేదు. షెడ్డు రేకులు ఎవరో పీక్కుపోయారు, ఇనుప చట్రం నిలబడి ఉంది. తారు పెచ్చులుగా లేచి, నెర్రెల్లోంచి ముళ్ళ కంపలు మొలిచాయి. గచ్చు మాత్రం చెక్కు చెదరలేదు. దాని చుట్టూ మట్టిలో గడ్డి పరక కూడా లేదు. నాలుగు వైపులా పచ్చటి లూసర్న్, మధ్యలో ఈ బోడి చారిక. ఎకరం ఇంత ధర పలికే చోట దీన్ని ఎందుకు దున్నలేదని రైతు మనవణ్ణి అడిగాను. దున్నాలంటే ముందు మట్టి పరీక్ష చేయించాలి, పరీక్షలో పాత మందులు బయటపడితే ఆ మట్టిని తవ్వి పారబోయించే ఖర్చు నేల విలువకంటే ఎక్కువ, పరీక్ష చేయించకపోతే ఏ గొడవా లేదు అన్నాడు. సౌర ఫలకాల కంపెనీవాళ్ళు లోయంతా పొలాలు కౌలుకు తీసుకుంటున్నారు కదా, వాళ్ళకివ్వచ్చుగా అంటే, వాళ్ళూ ముందు మట్టి పరీక్షే అడుగుతారన్నాడు. మొండి లెక్కే అయినా కాదనలేకపోయాను.

కాలువ గట్టులో బొరియల ముందు గుడ్లగూబలు నిలబడి ఉన్నాయి. నేలలో బొరియల్లో ఉండే చిన్న జాతి అది. పట్టపగలే బయట నిలబడి మనుషుల్ని చూస్తుంది. ఈ లోయలో ఉన్నన్ని ఆ జాతికి మరెక్కడో గానీ లేవు, కాలువ గట్లు వాటికి అంత నచ్చాయి. రన్‌వే చివర పగిలిన గొట్టంలో కూడా ఒక జంట కాపురం పెట్టింది. మా అమ్మ చూసి ఉంటే, ఇల్లు పాడుపడ్డాక గూబ చేరకేం చేస్తుంది అని ఉండేది. నాకైతే అవి అద్దెకు దిగినవాళ్ళలో కాస్త నయమైనవాళ్ళే అనిపించాయి.

2018లో అమెరికా పత్తిలో గులాబీ రంగు పురుగు పూర్తిగా పోయిందని ప్రకటించారు. బీటీ పత్తి ఒకవైపు, పిల్లలు పుట్టకుండా చేసిన మగ, ఆడ రెక్కల పురుగులను విమానాల నుంచి కోట్ల కొద్దీ చేల మీద వదలడం ఇంకోవైపు. విమానం చివరికి మందు కాకుండా పురుగునే చల్లి పురుగును గెలిచింది. ఈ ముక్క మా పైలట్ వినుంటే ఒక కాఫీ ఎక్కువ తాగేవాడు. మన దగ్గర అదే పురుగు బీటీకి అలవాటు పడి మళ్ళీ కాయల్లో కూర్చుంది. మా అన్నయ్య పొలంలో ఇప్పుడు డ్రోన్‌తో మందు కొడుతున్నారు. పది లీటర్ల ట్యాంకు, ఎకరానికి పది నిమిషాలు కూడా పట్టదు, రన్‌వే అసలే అక్కర్లేదు. పోయినసారి వెళ్ళినప్పుడు నా దగ్గర మిగిలిపోయిన పసుపు కాగితాలు కొన్ని తీసుకువెళ్ళి మిరప ఆకుల అడుగున పెట్టి చూశాను. నడిపే కుర్రాడు ఇదేమిటి సార్ అని వింతగా చూశాడు గానీ, ఎత్తు తగ్గించి ఇంకోసారి కొట్టమంటే ఓపికగా కొట్టాడు. డ్రోన్ రెక్కల గాలికి ఆకులు తిరగబడి అడుగున కాస్త నీలం కనిపించింది. ఆగ్‌క్యాట్ కంటే మెరుగే.

శాన్ డియేగో నుంచి ఫీనిక్స్‌కు ఎనిమిదో నంబరు హైవే మీద వెళ్ళే మనవాళ్ళు ఎల్ సెంట్రో దగ్గర పెట్రోలు పోయించుకుని వెళ్ళిపోతారు. వీలుంటే అక్కడ ఎడమకు తిరిగి 86వ నంబరు రోడ్డు పట్టండి. బ్రాలీ దాటి వెస్ట్‌మోర్లాండ్ వెళ్తే ఖర్జూరపు మిల్క్‌షేక్ దొరుకుతుంది, ఆ దారి దానికే సార్థకం. జనవరి నుంచి మార్చి దాకా అయితే ఎల్ సెంట్రో నౌకాదళ స్థావరంలో బ్లూ ఏంజెల్స్ అనే విమాన విన్యాసాల జట్టు సాధన చేస్తూ నెత్తి మీద గిరికీలు కొడుతుంది, పిల్లలకు ఖర్చు లేని వినోదం. ఆదివారమైతే గురుద్వారాలో భోజనం. నేను చెప్పిన రన్‌వే కోసం మాత్రం వెతక్కండి, అది ఇంకొకరి పొలం, కాలువ గట్టు మీద బండి నడిపితే సంహేరో ఊరుకోడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలు ఆ వైపే వెళ్ళకండి.